యూనిట్ – 14 : నీటి అడుగు కెమెరా హౌసింగ్ – సంరక్షణ, నిర్వహణ

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• కెమెరా హౌసింగ్‌లోకి నీరు రాకుండా ఓ-రింగ్ ఎలా అడ్డుకుంటుందో వివరించగలరు.
• నీటిలో దించే ముందు, తీసిన తరువాత చేయవలసిన పనులను వరుస క్రమంలో చెప్పగలరు.
• కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలోని ఉప్పునీరు, ఒండ్రు, గాలిలో తేమ వల్ల హౌసింగ్‌కు వచ్చే ఇబ్బందులను గుర్తించగలరు.
• హౌసింగ్‌లోకి నీరు చేరినప్పుడు తీసుకోవలసిన తక్షణ చర్యలను తెలుసుకోగలరు.

14.1 ఉపోద్ఘాతం

నీటి అడుగున ఏం జరుగుతున్నదో చూడాలన్న కోరిక ఫోటోగ్రఫీ అంత పాతది. 1856లో ఇంగ్లండులోని వేమౌత్ దగ్గర విలియం థాంప్సన్ అనే వ్యక్తి ఒక పెట్టెలో కెమెరాను బిగించి సముద్రంలోకి దించాడు. పెట్టెలోకి నీరు కారింది. అయినా మసకగా ఒక చిత్రం దక్కింది. 1893లో ఫ్రాన్సు తీరంలోని బన్యూల్స్‌లో లూయీ బూటాన్ అనే శాస్త్రజ్ఞుడు తానే నీటిలోకి దిగి చిత్రాలు తీశాడు. 1963లో నికొనాస్ కెమెరా మార్కెట్లోకి వచ్చింది. దానికి విడిగా పెట్టె అక్కరలేదు. ఇన్నేళ్ళలో కెమెరాలు ఎంతో మారాయి కాని థాంప్సన్‌కు ఎదురైన సమస్య మారలేదు. పెట్టెలోకి నీరు రాకూడదు.

ఈ పరికరం సముద్రంలో ఈత కొట్టే యాత్రికులకే పరిమితమని అనుకోనక్కరలేదు. విశాఖపట్నం రుషికొండ దగ్గర, అండమాన్ దీవుల్లో డైవింగ్ చేసేవారు దీనిని వాడతారు. ఆనకట్టల గేట్లు, వంతెనల పునాదులు పరిశీలించే సిబ్బందీ వాడతారు. మన ప్రాంతంలో దీని ఉపయోగం ఎక్కువగా చెరువుల్లో కనిపిస్తుంది. గుడివాడ, కైకలూరు వైపు మంచినీటి చేపల చెరువులు, మచిలీపట్నం, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పునీటి రొయ్యల చెరువులు ఉన్నాయి. చెక్ ట్రే దగ్గర రొయ్య మేత ఎలా తీసుకుంటున్నది, తూము జాలీ ఎక్కడ చిరిగింది, చెరువు అడుగున నల్లబురద ఎంత పేరుకుంది అన్న ప్రశ్నలకు చిన్న కెమెరా ఒకటి మంచి ఆధారం ఇస్తుంది.

అయితే ఒక పరిమితిని ముందే గుర్తుంచుకోవాలి. రొయ్యల చెరువులో సెక్కీ డిస్క్ కొలత 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉండడం మంచిదని చెబుతారు. అంటే ఆరోగ్యమైన చెరువులో చూపు కొద్ది దూరం మాత్రమే సాగుతుంది. కెమెరాను వస్తువుకు బాగా దగ్గరగా, అంటే బురదకూ చెక్ ట్రే అంచులకూ తగిలేంత దగ్గరగా పెట్టవలసి వస్తుంది. అందుకే ఇక్కడ హౌసింగ్‌కు పని ఎక్కువ, సంరక్షణ అవసరమూ ఎక్కువ.

14.2 హౌసింగ్ – ముఖ్య భాగాలు

హౌసింగ్ అంటే కెమెరాను లోపల ఉంచి బిగించే నీరు చొరని పెట్టె. చిన్న కెమెరాల హౌసింగులు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌తో, పెద్దవి అల్యూమినియంతో తయారవుతాయి. ఇందులో నాలుగు ముఖ్య భాగాలుంటాయి.

(1) పెట్టె, తలుపు: కొక్కెంతో లేదా గడియతో బిగుస్తాయి.
(2) పోర్టు: లెన్సు ముందుండే గాజు లేదా యాక్రిలిక్ కిటికీ. నీటి వక్రీభవన గుణకం 1.33. అందువల్ల చదునైన పోర్టు వెనుక నుంచి చూస్తే వస్తువు సుమారు మూడో వంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. ఈ ప్రభావాన్ని తగ్గించడానికి గుమ్మటం ఆకారపు పోర్టు వాడతారు.
(3) మీటలు: పెట్టె గోడలోని రంధ్రం గుండా వెళ్ళే ఇరుసులు. ప్రతి ఇరుసుకూ ఒక చిన్న ఓ-రింగ్, చాలావాటికి ఒక స్ప్రింగు ఉంటాయి.
(4) ప్రధాన ఓ-రింగ్: తలుపు చుట్టూ గాడిలో కూర్చునే గుండ్రని రబ్బరు వలయం. పెట్టెను మనం తెరిచిన ప్రతిసారీ కదిలేది ఇదే. అందువల్ల మన అశ్రద్ధకు ముందుగా బలయ్యేదీ ఇదే.

14.3 ఓ-రింగ్ ఎలా పనిచేస్తుంది?

డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ ఓ-రింగుకు 1937లో పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. 1939లో అది మంజూరయింది. ఈ వలయం రెండు దశల్లో పనిచేస్తుంది.

మొదటి దశ నొక్కుడు. తలుపు బిగించినప్పుడు గాడిలోని రబ్బరు కొద్దిగా చదునై, రెండు వైపులా ఉపరితలాలకు అతుక్కుంటుంది. ఇది మన చేతి బిగింపు వల్ల వచ్చే బలం.

రెండో దశ నీటి ఒత్తిడి. లోతుకు వెళ్ళే కొద్దీ నీరు తలుపును పెట్టె మీదికి ఇంకా గట్టిగా నొక్కుతుంది. రబ్బరును గాడి లోపలి గోడ వైపు నెట్టుతుంది. అంటే ఏ ఒత్తిడి నీటిని లోపలికి తోయాలని చూస్తున్నదో, అదే ఒత్తిడి దారిని మూసివేస్తుంది.

ఈ ఒత్తిడి ఎంతో లెక్క కట్టి చూద్దాం. మంచినీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో చొప్పున బరువు పెరుగుతుంది. హౌసింగ్ తలుపు 15 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు ఉంటే వైశాల్యం 180 చదరపు సెంటీమీటర్లు.

• బకెట్‌లో, 30 సెం.మీ. లోతున: సుమారు 5 కిలోలు
• చెరువులో, ఒకటిన్నర మీటర్ల లోతున: సుమారు 27 కిలోలు
• 10 మీటర్ల లోతున: సుమారు 180 కిలోలు, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు రెండింటికి మించిన బరువు

ఈ లెక్క నుంచి చాలామంది ఊహించని విషయం ఒకటి తెలుస్తుంది. చెరువు లోతు తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువేనని అనుకుంటాం. నిజానికి ఓ-రింగ్ మీద వెంట్రుకో, దారపు పోగో పడి ఉన్నప్పుడు రబ్బరు దానిని పూర్తిగా చుట్టుకోలేదు. పోగుకు రెండు పక్కలా సన్నని సందు మిగులుతుంది. లోతైన నీటిలో ఎక్కువ ఒత్తిడి రబ్బరును ఆ సందులోకి నొక్కవచ్చు. లోతు తక్కువైన చోట ఆ సహాయం దొరకదు, మన బిగింపు మీదే అంతా ఆధారపడుతుంది. నీటి పైపొరలోనూ, కడిగే తొట్టిలోనూ హౌసింగులు కారడానికి ఇదొక కారణం. కాబట్టి మన చెరువులకు లోతైన సముద్రంలో చూపే జాగ్రత్తే చూపాలి.

రబ్బరు మీద ఉష్ణోగ్రత ప్రభావం కూడా ఉంటుంది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ కూలిపోయింది. చలికి బిరుసెక్కిన ఓ-రింగ్ సమయానికి సందును మూయలేకపోవడం అందుకు ప్రధాన కారణమని తేలింది. మన దగ్గర సమస్య వేడి. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో బిగించిన హౌసింగ్‌ను వదిలేస్తే, నొక్కుడు పడిన రబ్బరు అదే చదునైన ఆకారంలో ఉండిపోతుంది. తిరిగి గుండ్రంగా రాని ఓ-రింగ్ పనికిరాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సూచన: మీ సమాధానాన్ని యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
తక్కువ లోతులో కూడా హౌసింగ్ కారడానికి కారణం ఏమిటి?

14.4 నీటిలో దించే ముందు

ఈ పనులను చెరువు గట్టు మీద కాక, ఇంట్లో ముందు రోజు రాత్రే చేసుకోవాలి. ఫ్యాను ఆపి, మంచి వెలుతురులో, చేతులు కడుక్కొని కూర్చోవాలి.

(1) ప్రధాన ఓ-రింగ్‌ను వేళ్ళతో పక్కకు నొక్కి, పైకి లేచిన వంపును పట్టుకొని తీయాలి. అవసరమైతే మొనదేలని ప్లాస్టిక్ కార్డు వాడవచ్చు. పిన్నీసు, బ్లేడు, సూది వాడకూడదు. గాడి మీద పడిన గీత ఓ-రింగ్ మార్చినా పోదు.

(2) ఓ-రింగ్‌ను వేళ్ళ మధ్య నెమ్మదిగా జరుపుతూ తడిమి చూడాలి. కంటికి కనపడని ఇసుక రేణువు వేలికి తెలుస్తుంది. పగులు, గాటు, చదునైన భాగం కనిపిస్తే కొత్తది వేయాలి.

(3) గాడిని, తలుపు అంచును పోగులు రాలని మెత్తని బట్టతో తుడవాలి. దూది, పాత తువ్వాలు పనికిరావు. వాటి పోగులే తరువాత నీటికి దారి అవుతాయి.

(4) తయారీదారు చెప్పిన గ్రీజును బియ్యపు గింజంత తీసుకొని ఓ-రింగ్ అంతటికీ పలుచగా పూయాలి. నీటిని ఆపేది రబ్బరే. రబ్బరు మెలిపడకుండా జారి గాడిలో సరిగా కూర్చోవడానికే గ్రీజు పూస్తాం. ఎక్కువ పూస్తే దుమ్ము, వెంట్రుకలు అంటుకుంటాయి. వాసెలిన్, కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్ పూయకూడదు. సిలికాన్ రబ్బరుతో చేసిన ఓ-రింగులు కొన్ని రకాల సిలికాన్ గ్రీజుకు కూడా ఉబ్బుతాయి. అందువల్ల ఏ పెట్టెకు ఆ పెట్టెతో వచ్చిన గ్రీజునే వాడాలి. కొన్ని యాక్షన్ కెమెరాల పెట్టెల్లో సీలు చదునుగా, తలుపుకే అమర్చి ఉంటుంది. గ్రీజు వద్దని వాటి చేతిపుస్తకంలో ఉంటే పూయకూడదు.

(5) కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌లో పొడి టిష్యూ కాగితం ఉంచి, తలుపు బిగించి, బరువు కట్టి బకెట్ నీటిలో అరగంట ముంచాలి. మీటలన్నీ నాలుగైదు సార్లు నొక్కాలి. బయటకు తీసి, తుడిచి, తెరిచి చూసినప్పుడు కాగితం మీద తడి మచ్చ ఉండకూడదు. ఖరీదైన హౌసింగులకు లోపలి గాలిని కొంత బయటకు లాగి, ఒత్తిడి నిలుస్తున్నదో లేదో చూసే వేక్యూమ్ పరీక్ష కూడా ఉంటుంది.

(6) చివరగా కెమెరా పెట్టి, తలుపు మూసి, ఓ-రింగ్ చుట్టూ పెట్టె పారదర్శకంగా ఉన్న చోట నల్లని గీత ఎక్కడా తెగకుండా ఉందో లేదో చూడాలి. కెమెరా తాడు తలుపు మధ్య చిక్కుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

14.5 లోపల ఆవిరి పట్టడం

ఒక్కోసారి చుక్క నీరు కారకపోయినా పోర్టు లోపల మసక కమ్ముతుంది. కారణం పెట్టెలో మనమే మూసిపెట్టిన గాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు గాలి గరిష్ఠంగా సుమారు 30 మిల్లీగ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 25 డిగ్రీల వద్ద 23 మిల్లీగ్రాములే. గాలిలో తేమ 80 శాతం ఉన్న రోజున 30 డిగ్రీల వేడిలో పెట్టె మూస్తే లోపల 24 మిల్లీగ్రాముల ఆవిరి ఉంటుంది. చెరువు నీరు 25 డిగ్రీలుంటే మిగులు ఆవిరి చల్లని గాజు మీద మంచులా చేరుతుంది.

అదే హౌసింగ్‌ను 25 డిగ్రీల ఏసీ గదిలో, 50 శాతం తేమలో మూస్తే లోపల ఉండేది 12 మిల్లీగ్రాముల లోపే. అది ఆ చెరువులో మసక పట్టదు. కాబట్టి పొడి గదిలో మూసి, మూసిన పెట్టెనే గట్టుకు తీసుకుపోవాలి. చల్లబడిన కెమెరాను బయటి ఉక్కగాలిలో తెరిస్తే కెమెరా మీదే తడి చేరుతుందని మరువకూడదు. సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల ఉంచడం మంచిదే కాని దాని అంచు ఓ-రింగ్‌కు తగలకూడదు.

14.6 నీటి నుంచి తీసిన తరువాత

సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మీట సందులో ఒక మిల్లీలీటరు నీరు ఆరితే 35 మిల్లీగ్రాముల ఉప్పు అక్కడే మిగులుతుంది. ఉప్పు పలుకుల అంచులు పదునుగా ఉంటాయి. తరువాత మీట నొక్కినప్పుడు అవి చిన్న ఓ-రింగ్‌ను గీస్తాయి. ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియం మీది రక్షణ పొరను చెడగొడుతుంది. అల్యూమినియం, స్టీలు మరలు కలిసే చోట తుప్పు త్వరగా మొదలవుతుంది. కాబట్టి మొదటి సూత్రం ఇది: కడిగే వరకు హౌసింగ్ ఆరకూడదు. గట్టు మీద నుంచి ఇంటికి చేరే వరకు తడి గుడ్డలో చుట్టి ఉంచాలి.

ఇక కడిగే నీరు. పుస్తకాలన్నీ ‘మంచినీటితో కడగండి’ అంటాయి. మచిలీపట్నం, దివిసీమ గ్రామాల్లో ఈ మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలాచోట్ల బోరు నీరే ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగితే ఒక ఉప్పు పోయి ఇంకొక ఉప్పు చేరుతుంది. పామిడిముక్కల, ఉయ్యూరు వైపు కాలువ నీరు తీయనిదే కాని అందులో సన్నని ఒండ్రు ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత ఆ నీరూ దొరకదు. నీటిని పరీక్షించడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. శుభ్రమైన స్టీలు పళ్ళెంలో రెండు చెంచాల నీరు పోసి ఎండలో ఆరనివ్వాలి. తెల్లని పొర దట్టంగా మిగిలితే ఆ నీరు కడగడానికి పనికిరాదు. తాగునీటి ప్లాంటు నుంచి తెచ్చిన ఒక 20 లీటర్ల క్యాను ఈ పనికి చాలు.

వరుస ఇలా ఉండాలి:

(1) మూసిన హౌసింగ్‌ను ముందుగా కొద్దిపాటి నీటితో పై బురద పోయేలా కడగాలి. బురద ఆరకముందే పోవాలి. పైపు నీటి ధారను సీలు మీద గట్టిగా కొట్టించకూడదు.
(2) తొట్టిలో కనీసం అరగంట నానబెట్టాలి. ప్రతి మీటనూ పది పదిహేను సార్లు నొక్కాలి. ఉప్పు కరిగి బయటకు వచ్చేది ఇప్పుడే.
(3) నీరు మార్చి మరొకసారి ముంచి తీయాలి.
(4) మెత్తని బట్టతో తుడిచి, నీడలో ఆరనివ్వాలి. స్పిరిట్, థిన్నర్, ఎసిటోన్ వంటివి పాలీకార్బొనేట్, యాక్రిలిక్ మీద సన్నని పగుళ్ళు తెస్తాయి.
(5) తెరిచే ముందు జుట్టు, చేతులు పొడిగా ఉన్నాయో లేదో చూసుకొని, తలుపు కింది వైపు ఉండేలా పట్టుకొని తెరవాలి. అంచున నిలిచిన చుక్కలు కెమెరా మీద కాక కింద పడతాయి.

చెరువు నుంచి చెరువుకు: 1990 దశకం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి కోస్తా రొయ్యల సాగును తీవ్రంగా దెబ్బతీసింది. ఆ వైరస్ నీటితో, వలలతో, తడి పరికరాలతో ఒక చెరువు నుంచి మరొక చెరువుకు పోగలదు. మన కెమెరా కూడా ఒక తడి పరికరమే. రైతు ఏడాది పెట్టుబడి ఆ చెరువులో ఉంటుంది. కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే హౌసింగ్‌ను ఇంకొక చెరువులో దించాలి. వీలైనంత వరకు ఒక రోజుకు ఒక చెరువు చూడడం మంచిది. కడిగిన నీటిని చెరువులోకి గాని కాలువలోకి గాని పోయకూడదు. రైతు అనుమతి లేనిదే నీటిలో చేయి పెట్టకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
ఉప్పునీటి చెరువు నుంచి తీసిన హౌసింగ్‌ను ఆరనివ్వకూడదు. ఎందుకు?

14.7 నీరు లోపలికి వస్తే – ఒక అనుభవం

చాలా ఏళ్ళ క్రితం నాగాయలంక వైపు ఒక రొయ్యల చెరువులో విద్యార్థులతో కలిసి చెక్ ట్రేను చిత్రీకరిస్తున్నాం. మధ్యాహ్నం మెమరీ కార్డు మార్చడానికి గట్టు మీదే హౌసింగ్ తెరిచాను. మెడలోని తువ్వాలుతో చెమట తుడుచుకొని, అదే తువ్వాలుతో తలుపు అంచు కూడా తుడిచి మూశాను. మీటరు లోతు కూడా లేదు. పది నిమిషాలకు పోర్టు కింది భాగంలో నీటి గీత కనిపించింది. తెరిచి చూస్తే ఓ-రింగ్ మీద తెల్లని నూలు పోగు ఒకటి అడ్డంగా పడి ఉంది.

ఒక విద్యార్థిని వెంటనే కార్డు తీసి తాగునీటితో కడిగింది. రెండు వారాల చిత్రాలు దక్కాయి. కెమెరా ఆరింది కదా అని మర్నాడు నేను మీట నొక్కాను. దానితో అది పూర్తిగా పోయింది. విభాగానికి ఉన్నది ఆ ఒక్క కెమెరా. తరువాతి రెండు బ్యాచ్‌ల విద్యార్థులు ఆ ప్రయోగాన్ని పుస్తకంలో చదువుకోవలసి వచ్చింది. పోగు పడడం ప్రమాదం. గట్టు మీద తెరవడం, తువ్వాలుతో తుడవడం, తొందరపడి మీట నొక్కడం మూడూ నా పొరపాట్లే. అందుకే కింది క్రమాన్ని కంఠస్థం చేయమని కోరుతున్నాను.

(1) నీటి బుడగలు గాని లోపల నీరు గాని కనిపిస్తే వెంటనే పైకి తీయాలి. డైవింగ్‌లో ఉంటే మాత్రం కెమెరా కోసం తొందరపడి పైకి రాకూడదు, ప్రాణమే ముఖ్యం.
(2) నీరు లెన్సు వైపు, బ్యాటరీ వైపు పోకుండా పెట్టెను పట్టుకోవాలి.
(3) ముఖానికి దూరంగా పెట్టి నెమ్మదిగా తెరవాలి. ఉప్పునీరు తగిలిన బ్యాటరీ నుంచి వాయువు వెలువడి లోపల ఒత్తిడి పెరిగి ఉండవచ్చు.
(4) కెమెరా ఆపి, బ్యాటరీ, కార్డు తీయాలి. ఆ బ్యాటరీని మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు. దానిని మండే వస్తువులకు దూరంగా, ఆరుబయట ఉంచాలి.
(5) కార్డును మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి.
(6) కెమెరాను ఆన్ చేసి చూడకూడదు. బియ్యంలో పెట్టడం వల్ల ఉప్పు పోదు. వీలైనంత త్వరగా మరమ్మతు చేసేవారికి ఇవ్వాలి.
(7) హౌసింగ్‌ను కడిగి, కారణం దొరికే వరకు తిరిగి వాడకూడదు.

14.8 దాచి ఉంచడం, నమోదు పుస్తకం

వారాల తరబడి వాడనప్పుడు ప్రధాన ఓ-రింగ్‌ను తీసి, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో హౌసింగ్ లోపలే ఉంచాలి. గడియ బిగించకూడదు. అప్పుడు రబ్బరు మీద నొక్కుడు ఉండదు. ఓ-రింగ్ లేని పెట్టెను పొరపాటున నీటిలో దించకుండా పైన ఒక చీటీ అంటించాలి. ఎండ తగిలే చోట, నడిచే విద్యుత్ మోటార్ల దగ్గర ఉంచకూడదు. మోటారు నిప్పురవ్వల వల్ల పుట్టే ఓజోన్ రబ్బరును పగులగొడుతుంది. విమానంలో తీసుకువెళ్ళేటప్పుడు కూడా ఓ-రింగ్ తీసి ఉంచడం మంచిది. లేకపోతే ఒత్తిడి తేడా వల్ల తలుపు తెరుచుకోక ఇబ్బంది పెట్టవచ్చు.

మీటల లోపలి ఓ-రింగులు మనకు కనపడవు. వాటిని తయారీదారు సూచించిన గడువులో, సాధారణంగా ఏడాదికొకసారి, సర్వీసు చేయించాలి. ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, చెరువు, నీటి రకం, కడిగిన నీరు, ఖాళీ పరీక్ష ఫలితం, ఓ-రింగ్ మార్చిన రోజు రాయాలి. పరికరం పదిమంది చేతులు మారేటప్పుడు ఈ పుస్తకమే దాని జ్ఞాపకశక్తి.

14.9 సారాంశం

హౌసింగ్ భద్రత ప్రధానంగా ఓ-రింగ్ శుభ్రత మీద ఆధారపడుతుంది. లోతు తక్కువైతే నీటి ఒత్తిడి సహాయం తక్కువ, కాబట్టి చెరువుల్లోనూ పూర్తి జాగ్రత్త అవసరం. పొడి గదిలో మూయడం, ఖాళీ పరీక్ష చేయడం, కడిగే వరకు ఆరనివ్వకపోవడం, ఉప్పులేని నీటితో నానబెట్టడం, చెరువుల మధ్య పూర్తిగా ఆరబెట్టడం ముఖ్య సూత్రాలు. నీరు చేరిన కెమెరాను ఆన్ చేయకూడదు.

14.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. తక్కువ లోతులో నీటి ఒత్తిడి ఓ-రింగ్‌ను గట్టిగా నొక్కదు. వెంట్రుక, పోగు పక్కన మిగిలిన సందు తెరిచే ఉండి నీరు చేరుతుంది.
2. నీరు ఆరితే మీటల సందుల్లో ఉప్పు పలుకులు మిగిలి చిన్న ఓ-రింగులను గీస్తాయి, లోహ భాగాలకు తుప్పు పట్టిస్తాయి.

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఓ-రింగ్ పనిచేసే విధానాన్ని వివరించి, నీటిలో దించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు తెలపండి.
2. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో హౌసింగ్ నిర్వహణకు ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పోర్టు లోపల ఆవిరి ఎందుకు పడుతుంది? నివారణ ఏమిటి?
2. హౌసింగ్‌లోకి నీరు చేరినప్పుడు చేయవలసిన, చేయకూడని పనులు రాయండి.
3. మీ ఊరిలో దొరికే మూడు రకాల నీటిని పళ్ళెంలో ఆరబెట్టి, మిగిలిన పొరను పోల్చి, కడగడానికి ఏది తగినదో రాయండి.